పెరగమని ఎవరు చెప్పిన్రు

పన్నెండు పోగులు.
సన్న సేమ్యా ముక్కల తీరు, తెల్లగ,
మైనం దిమ్మెలల్ల పండుకొని వచ్చినయి పొద్దున.
లేబుల్ మీద పేరు లేదు, నంబరే.
కానీ నాకు తెలుసు ఎవరివో.
మొన్న మెట్ల కింద బాత్రూం ఎటని అడిగినాయన,
గంటల మూడుసార్లు అడిగినాయన,
బుచ్చిలింగం.
ఇరవై ఏడేండ్లు సిటీ బస్సు నడిపిండట,
అఫ్జల్‌గంజ్ నుంచి పటాన్‌చెరు దాక.
స్టీరింగ్ ముందు ఆపుకున్నదంత
ఇప్పుడు రాత్రిళ్లు వడ్డీతోని కడుతున్నననుకుంట నవ్విండు.
దాంతోని వచ్చేది కాదయ్యా ఇది, అన్న.
ఫైలు ఈ చంకల నుంచి ఆ చంకలకు మార్చి అడిగిండు:
"మరి దానికి పెరగమని ఎవరు చెప్పిన్రమ్మా?"

నేను టెక్నీషియన్ను. ఏదీ చెప్పొద్దు.
సార్ చెప్తడు, అన్న.
బయట లక్డీకాపూల్ సిగ్నల్ కాడ హారన్లు.

ఇయ్యాల బ్లేడు తిప్పుతుంటే,
నాలుగు మైక్రాన్ల రిబ్బను
గోరువెచ్చని నీళ్ల మీద ముడతలిప్పుకుంటుంటే
ఆయనకు చెప్తున్న, పెదవి కదపకుండ.

బుచ్చిలింగం గారూ,
మీ లోపల ఒక వాడ ఉన్నది.
ప్రతి గల్లీ అంచున సన్నని ప్రహరీ.
ఆ గోడవార కొన్ని మూలకణాలు
పనిలేనోళ్ల లెక్క కూసున్నయి.
పనిలేక కాదు. మాట కోసం.
మాట ఎక్కువగ పక్కింటి నుంచే వస్తది,
చుట్టున్న కండ నుంచి, నార నుంచి, నెత్తుటి నాళం నుంచి:
కొంచెం ఆగు. ఒకదాన్ని పుట్టియ్యి. ఇగ చాలు.

మా బోరబండల గట్లనే.
రోజు విడిచి రోజు మంజీర నీళ్లు.
ట్యాంకు పొంగితే పక్కింటి షాహెదా అరుస్తది,
"మోటర్ బంద్ కరో!"
ఎవరో ఒకరు ఉరికొచ్చి స్విచ్చి ఆపుతరు.
వాడ బతికేదే ఆ కేక మీద.

ఇంకొకటి.
ఆ మాట కొత్తది కాదు.
మీరు తల్లి కడుపుల బొటనవేలంత ఉన్ననాడు
మొదటిసారి పలికింది అదే.
అప్పుడు దాన్ని వినే చెవి
పక్కనున్న మెత్తటి కండకే ఉండె.
అది విని, దీన్ని తట్టి లేపింది.
మొగ్గ తొడుగు, కొమ్మ వెయ్యి, లోపల బోలుగ మారు.
కట్టిన మేస్త్రి మాట
ఇంటి గోడలల్లనే ఉండిపోయింది.

ఎవడూ బయటి నుంచి రాలేదు.
అరవై ఏండ్లకు ఎక్కడో ఒక కణం
అదే మాట మళ్ల విన్నది,
లేకుంటే విన్ననని అనుకున్నది.
ఇగ చాలు అన్న కేక మాత్రం వినలేదు.
ఏ కణమో నాకు తెలువదు.
గోడవార కూసున్నదో, లోపలి వరుసల పనిచేసేదో,
పెద్ద పెద్దోళ్లే ఇంక కొట్లాడుకుంటున్నరు.

గోడ బతికుంటే గోధుమరంగు గీత వస్తది
ప్రతి గల్లీ చుట్టు, కాటుక దిద్దినట్టు.
రంగు పట్టిందో లేదో చూసుడు నా పని, అంతవరకే.
మొదటి పోగుల ఉన్నది.
రెండు, మూడు, ఉన్నది.
ఏడో దాంట్ల
గల్లీలు చిన్నగ, ఇరుకుగ, ఒకదాన్నొకటి నూక్కుంట,
గీత లేదు.
రంగు సరిగ పట్టలేదేమోనని
ఇంకో ముక్క కోసి మళ్ల వేసిన.
గీత లేదు.

మాటను ఆపే సూది ఇస్తరు కావచ్చు మీకు.
హార్మోన్ ఆగితే చానా కణాలు ఎండి రాలుతయి.
ఏండ్లకేండ్లు నిమ్మళంగుంటది ఒక్కోసారి.
కొన్ని మొండియి ఉంటయి గానీ.
చెప్పేటోడు లేకున్నా వినుడు నేర్చుకుంటయి,
రిటైరయినంక కూడ
నడిరాత్రి మీ చెవులల్ల కండక్టరు
రైట్ రైట్ అన్నట్టు.

ఏడో స్లైడును ట్రేల పెట్టి
నంబరు మళ్లొకసారి సరిచూసిన.
ఆ నంబరే.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటింది.
మా ట్యాంకే, గోడమీదికెళ్లి కారుతున్నది.
షాహెదా అరుస్తున్నది.
చేతులు ఇంక మైనం వాసన.
చెప్పులు కూడ ఇడ్వకుండ ఉరికిన.